రష్యన్ సామెత: ఇంగ్లీషు దారి, తెలుగు నేల

సామెత ప్రజలు రాసుకున్న చరిత్ర. రాజులు దాన్ని చెక్కించలేదు, పండితులు దిద్దలేదు. కనుక సామెతను అనువదించేవాడు మాటతోబాటు ఆ మాట వెనకనున్న బతుకును కూడా మోయవలసి ఉంటుంది. రష్యన్ సామెతలు ఇంగ్లీషు మీదుగా మనకు చేరిన తీరు చూస్తే ఆ బరువెంతో తెలుస్తుంది.

వ్లదీమిర్ దాల్ ముప్పైవేలకు పైగా రష్యన్ సామెతలు సేకరించాడు. 1853 నాటికే రాతప్రతి సిద్ధమైనా మతాధికారులూ సెన్సారువారూ అడ్డుపడ్డారు. పవిత్ర సూక్తుల పక్కన మోటుమాటలు చేర్చాడన్నది వారి అభ్యంతరం. గ్రంథం 1861-62లో గాని వెలువడలేదు. అర్ధబానిస రైతులకు చట్టరీత్యా విముక్తి లభించిందీ 1861లోనే. ఆ రైతు నోట దైవచింతనా, దొరల మీద వెటకారమూ విడివిడిగా లేవు. వాటిని విడదీయాలని చూసింది అధికారవర్గం. ఆ తర్వాత కొన్నేళ్ళకే, 1868లో, కెప్టెన్ కార్ తెలుగు సామెతలను ఇంగ్లీషు అనువాదాలతో మద్రాసులో ప్రచురించాడు. రెండు దేశాల రైతుల మాటా దాదాపు ఒకే కాలంలో అచ్చుకెక్కిందన్నమాట.

ఇక అనువాదం సంగతి. 'దేవుణ్ణి నమ్ముకో, నువ్వు మాత్రం ఏమరకు' అంటాడు రష్యన్ రైతు. ఇంగ్లీషులో సహజంగా వినిపించాలంటే 'తనకు తాను సాయపడేవాడికే దేవుడు సాయపడతాడు' అనేస్తారు. శామ్యూల్ స్మైల్స్ 1859లో తన 'సెల్ఫ్ హెల్ప్' గ్రంథాన్ని ప్రారంభించింది ఈ సూక్తితోనే. చూడండి, ఎంత మార్పు వచ్చిందో! రష్యన్ మాటలో దేవుడి హామీ ఏదీ లేదు, హెచ్చరిక ఉన్నది. ఇంగ్లీషు మాటలో కష్టానికి ప్రతిఫలం ఖాయం. దెబ్బతిన్న రైతు జాగ్రత్త కాస్తా, పైకొచ్చిన వర్తకుడి నీతి అయిపోయింది.

మరొకటి: 'దేవుడు ఎత్తున ఉన్నాడు, జారు చక్రవర్తి దూరాన ఉన్నాడు.' దీనికి బదులు 'దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు' అని వేయాలని తెలుగు కలం ఉబలాటపడుతుంది. కాని మన సామెతలో పైవాడు కనికరించాడు, మధ్యవాడు అడ్డుకున్నాడు. రష్యన్ సామెతలో మొర పైవాడి దాకా చేరనే లేదు. దగ్గరున్నది భూస్వామీ, అధికారీ. ఈ సామెతను ఉన్నదున్నట్టు చెబితేనే మన రైతుకు సులువుగా అర్థమవుతుంది.

'శ్రమపడందే చెరువులోంచి చేపపిల్లనైనా తియ్యలేవు' అన్న దాన్ని 'కష్టే ఫలే' అని ముగిస్తే చెరువూ పోయె, చేపా పోయె. కోనేటి నడుమ బ్రహ్మ గుడి ఉన్న చేబ్రోలులో చెరువంటే ఏమిటో ఎవరికి వివరించాలి?

ఆ చేబ్రోలుకు చేరువనున్న తెనాలిలోనే, 1943 ఫిబ్రవరిలో, తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగింది. ఆ తరంలో చాలామందికి రష్యన్ సాహిత్యం ఇంగ్లీషు కిటికీలోంచే కనిపించింది. క్రొవ్విడి లింగరాజు గోర్కీ 'అమ్మ'ను తెలుగు చేసిందీ ఇంగ్లీషు నుంచే. అది చిన్న సేవ కాదు. తర్వాత ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలోనే ఉండి తెలుగు అనువాదాలు చేశారు. అనువాదపు కష్టసుఖాలను చర్చించిన రాచమల్లు గ్రంథం 'అనువాద సమస్యలు'కు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. అక్కడినుంచి చౌకగా వచ్చే పుస్తకాలు ఆగిపోయినా ఈ సమస్య ఆగలేదు.

సహజత్వం కావలసిందే. మాటకు మాట పెట్టి తెలుగును విరగ్గొట్టే అనువాదాన్ని ఎవరూ చదవరు. అయితే ఎవరికి సహజం? చదివేవాడి చెవికి మాత్రమే సహజమై, చెప్పినవాడి బతుకుకు అసహజమైతే అది అనువాదం కాదు, ఆక్రమణ. సామెత చేతికొచ్చినప్పుడు అనువాదకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఎవరన్నారు? ఎవరితో అన్నారు? ఎవరి పక్షాన అన్నారు? ఈ మూడింటికీ జవాబు చెడకుండా వచ్చిన తెలుగే మంచి తెలుగు.