త్రిమితీయ ఆస్తి నమోదులో బిమ్ నమూనా

ఒకే స్థలంలో కిందా మీదా వేర్వేరు యజమానులకున్న హక్కులను ఎత్తు, లోతులతో సహా రికార్డు చేయడమే త్రిమితీయ ఆస్తి నమోదు. గోడలు, శ్లాబులు, గదుల వివరాలను కొలతలతో సహా కంప్యూటర్లో ఒక్కచోట చేర్చే నమూనాను బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడల్, క్లుప్తంగా బిమ్, అంటారు. కట్టడం కోసం తయారైన ఈ నమూనా హక్కుల నమోదుకూ అక్కరకొస్తుంది. అయితే దాని నుంచి హక్కుల హద్దులను వేరుచేసి తీసుకోవాలే తప్ప, నమూనానే హక్కుపత్రంగా చూడకూడదు.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రైల్వే స్టేషన్, నగరపాలక కార్యాలయం ఒకే భవనంలో ఉన్నాయి. పట్టాలు, ప్లాట్‌ఫారాలు భూగర్భంలో ఉన్నాయి. డచ్ చట్టం ప్రకారం నేల ఎవరిదైతే దానిపై కట్టడమూ సాధారణంగా వారిదే. కట్టడాన్ని వేరొకరికి చెందేలా చేయాలంటే ప్రత్యేకంగా ఉపరితల హక్కు రాసుకోవాలి. ఇలాంటి హక్కులన్నిటినీ మామూలు మ్యాపుపై గీస్తే స్థలం చిన్నచిన్న ముక్కలవుతుంది, ఏ ముక్కలో ఏ ఎత్తున ఎవరి హక్కు ఉందో మాత్రం తెలియదు. అందుకే 2016 మార్చిలో ఆ దేశ భూ నమోదు సంస్థ కడాస్టర్, బిమ్ సమాచారంతో తయారైన త్రిమితీయ పీడీఎఫ్‌ను దస్తావేజుతో పాటు నమోదుకు స్వీకరించింది. ఒక్కొక్కరి హక్కు ఎంతమేర వ్యాపించిందో అందులో కనిపిస్తుంది. నమోదు మ్యాపు మాత్రం రెండు కొలతల్లోనే ఉండిపోయింది.

హద్దులను విడిగా నిర్ణయించడం ఎందుకంటే, గోడ మందం బిమ్‌కు తెలుసు, ఆ గోడలో యాజమాన్యం ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో హద్దు గోడ లోపలి ముఖమా, మధ్యరేఖా, వెలుపలి ముఖమా అన్నది ప్లానులో చెబుతారు. మన స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా (2016) ఫ్లాటు లోపలి అడ్డుగోడలను కార్పెట్ ఏరియాలో కలిపి, బయటి గోడలను వదిలేస్తుంది. గోడ అదే అయినా, చట్టం మారితే హద్దూ విస్తీర్ణమూ మారతాయి. బిమ్ నమూనాలను పంచుకునే ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫార్మాట్‌లో గదులను చూపే స్పేస్ అంశాలకు ఈ హక్కుల వివరం జోడించవచ్చు. భూపరిపాలన ప్రమాణం ఐఎస్ఓ 19152 ఎవరికి, దేనిపై, ఏ హక్కు అన్న చట్రాన్ని ఇస్తుంది.

డిజైన్ ఒకటి, కట్టింది మరొకటి అయితే ఎలా అన్న అభ్యంతరం సబబైనదే. నిర్మాణం పూర్తయ్యాక సర్వే చేసి సరిచూసిన హద్దులనే నమోదు చేయడం దీనికి జవాబు. సాఫ్ట్‌వేర్ పాతబడి ఫైలు తెరుచుకోదన్న భయానికీ విరుగుడు ఇలాంటిదే: పైపులూ తలుపులూ అన్నీ ఉన్న నమూనా కంటే, బహిరంగ ఫార్మాట్‌లో దాచిన సరళమైన హద్దులు ఎక్కువకాలం నిలుస్తాయి, ఇంటి లోపలి గుట్టూ బయటపడదు. ఖర్చు సంగతికొస్తే, విడి ఇంటికి ఇది అనవసరం. తెలుగు రాష్ట్రాల్లో ఫ్లాటు దస్తావేజులు సాధారణంగా అవిభాజ్య స్థల వాటానూ, ‘కారిడార్’, ‘ఓపెన్ టు స్కై’ అంటూ నాలుగు దిక్కుల హద్దులనూ రాస్తాయి; అంతస్తు సంఖ్య ఉన్నా ఎత్తు కొలత ఉండదు. మామూలు అపార్ట్‌మెంటుకు అది చాలవచ్చు. మెట్రో స్టేషన్, మాల్, ఆఫీసులు ఒకదానిపై ఒకటి వచ్చే చోట పైకప్పు ఎవరిదన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. నమూనాకు పెట్టే ఖర్చు సార్థకమయ్యేది అక్కడే.