యంత్రభాగం చెప్పే చరిత్ర: కడప జిల్లా లారీలు, దుమ్ము, ఎయిర్ ఫిల్టర్

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో లారీ రవాణా పెరగడానికి కారణాలను వివరించగలుగుతారు.
• డీజిల్ లారీ ఎయిర్ ఫిల్టర్‌లో వచ్చిన మార్పులను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• బయటి కంపెనీ ఫిల్టర్‌ను ఎంచుకొనేటప్పుడు, బిగించేటప్పుడు గమనించవలసిన అంశాలను కారణాలతో సహా చర్చించగలుగుతారు.
• ఒక యంత్రభాగాన్ని చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.

7.1 ప్రస్తావన

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, కోటలు గుర్తుకు వస్తాయి. జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళితే అలాంటి ఆధారాలు కావలసినన్ని కనిపిస్తాయి. అయితే అదే ప్రాంతపు రోడ్ల మీద మీకు ఎదురయ్యే బండల లారీ కూడా ఒక చారిత్రక ఆధారమే. గత డెబ్బై ఏళ్ళ ఆర్థిక చరిత్రను అధ్యయనం చేసేవారు ఆ లారీని వదిలిపెట్టలేరు.

ఈ పాఠంలో లారీ మొత్తాన్ని కాక, అందులోని ఒక చిన్న భాగాన్ని మాత్రమే తీసుకుంటున్నాం. అది ఎయిర్ ఫిల్టర్. ఇంజన్ పీల్చే గాలి నుంచి దుమ్మును ఆపడం దాని పని. ఈ భాగం మారుతూ వచ్చిన తీరును గమనిస్తే, దుమ్ము వల్ల కలిగే నష్టం ఒకరి మీద నుంచి మరొకరి మీదకు ఎలా మారిందో అర్థమవుతుంది. ఈ పాఠంలోని ప్రధాన అంశం ఇదే.

7.2 నేల స్వభావం, దుమ్ము స్వభావం

కడప, కర్నూలు ప్రాంతాల శిలలను భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ క్రమపద్ధతిలో పరిశీలించి, 1872లో వివరంగా ప్రచురించాడు. ఆ శిలల పేర్లలో ఈ ప్రాంతపు ఊళ్ళ పేర్లే వినిపిస్తాయి: నార్జి సున్నపురాయి, గండికోట క్వార్ట్‌జైట్, పులివెందుల క్వార్ట్‌జైట్, వేంపల్లె డోలమైట్. మనం ఇళ్ళలో పరచుకొనే నాపరాయి, అంటే కడప బండ, సున్నపురాయి జాతికి చెందినదే.

ఇంజన్ దృష్టితో చూస్తే ఈ రాళ్ళన్నీ ఒకటి కావు. సున్నపురాయిలోని కాల్సైట్ కాఠిన్యం మోహ్స్ కొలమానంపై 3. క్వార్ట్‌జైట్‌లోని స్ఫటికం కాఠిన్యం 7. స్ఫటికపు రేణువు లైనర్‌కు, పిస్టన్ రింగుకు మధ్య చేరితే ఆకురాయిలా వాటిని అరగదీస్తుంది. సున్నపురాయి పొడి అంత కఠినమైనది కాదు. అయితే అది మెత్తగా, ఎక్కువగా ఉండి ఫిల్టర్‌ను త్వరగా పూడుస్తుంది. సిమెంటుకు తేమ తగిలితే గట్టిపడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పరిసరాల నల్లరేగడి వేసవిలో పొడిబారి బండి చక్రాల వెంట లేస్తుంది.

అందువల్ల "దుమ్ములో తిరిగే బండి" అన్న ఒక్క మాట చాలదు. ఏ దుమ్ము అన్నది తెలిస్తేనే ఏ ఫిల్టర్ కావాలో తెలుస్తుంది.

7.3 రైలు చేరని ఊళ్ళు, లారీ రాక

మద్రాసు నుంచి రాయచూరు వైపు వేసిన రైలు మార్గం 1871 నాటికి పూర్తయింది. అది కడప, యర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా సాగింది. బంగారం, బట్టల వ్యాపారం వల్ల "రెండో బొంబాయి" అని పేరు తెచ్చుకున్న ప్రొద్దుటూరు గానీ, పక్కనున్న జమ్మలమడుగు గానీ ఆ మార్గంలో లేవు. యర్రగుంట్ల–నంద్యాల మార్గం 2016లో పూర్తయి అందుబాటులోకి వచ్చింది. పులివెందుల వారు రైలు ఎక్కాలంటే ముద్దనూరుకో, కడపకో పోవలసిందే. ఆ విధంగా, సుమారు నూటయాభై ఏళ్ళ పాటు ఈ ఊళ్ళ సరుకు ముందు ఎద్దులబండి మీద, తరువాత లారీ మీద నడిచింది.

స్వాతంత్ర్యానికి ముందు మన రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా విదేశీ పెట్రోలు లారీలు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మేరకు, దేశంలో తయారీ కార్యక్రమం ఉన్న సంస్థలకే ప్రభుత్వం అవకాశమిచ్చింది. 1954లో టెల్కో సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీల తయారీ ప్రారంభించింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్, బ్రిటన్‌కు చెందిన లేలాండ్ సహకారంతో 1955లో అశోక్ లేలాండ్ అయింది. రాయలసీమ రోడ్ల మీద డీజిల్ యుగానికి ఈ రెండు కర్మాగారాలే పునాది.

సరుకు కూడా పెరిగింది. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణను 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా ఎత్తివేశారు. సున్నపురాయి సమృద్ధిగా ఉన్న యర్రగుంట్ల, కమలాపురం, జమ్మలమడుగు ప్రాంతాలు సిమెంటు కర్మాగారాలకు కేంద్రాలయ్యాయి. 1994లో ముద్దనూరు సమీపంలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గు బూడిదను వాడుకోవాలని కేంద్ర ప్రభుత్వం 1999లో నోటిఫికేషన్ ఇచ్చాక బూడిద కూడా లారీ సరుకయింది. బండలు, సున్నపురాయి, సిమెంటు, ముగ్గురాయి, బూడిద – వీటిలో దుమ్ము లేవని సరుకు ఒక్కటీ లేదని గమనించండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాలు లారీల మీద ఎక్కువగా ఆధారపడడానికి రెండు కారణాలు రాయండి.

7.4 నూనె తొట్టి నుంచి కాగితం దాకా

తొలి తరం డీజిల్ లారీల్లో ఉన్నది ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్. ఒక డబ్బా అడుగున ఇంజన్ ఆయిల్ పోసి ఉంచుతారు. గాలి వేగంగా కిందికి దిగి, ఆయిల్ మీదుగా ఒక్కసారిగా పైకి మళ్ళుతుంది. బరువైన దుమ్ము అలా మళ్ళలేక ఆయిల్‌లో పడిపోతుంది. మిగిలిన దానిలో కొంత, పైనున్న తడి జాలీకి అంటుకుంటుంది. మంచి స్థితిలో ఉంటే ఇది నూటికి 95 నుంచి 98 పాళ్ళ దుమ్మును ఆపుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం తగ్గి ఈ పనితనం పడిపోతుంది. ఆయిల్ గీత దాటి పోస్తే అది ఇంజన్‌లోకి పోయే ప్రమాదం ఉంది.

దీనికి విడిగా కొనవలసిందేమీ లేదు. తొట్టిని విప్పి, బురదను పారబోసి, డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోస్తే చాలు. లారీ మీద ఈ పని సాధారణంగా క్లీనర్‌ది. అంటే ఇంజన్ ఆయుష్షు క్లీనర్ శ్రమ మీద, అతని శ్రద్ధ మీద ఆధారపడి ఉండేది. ఖర్చు తక్కువ, చాకిరీ ఎక్కువ.

తరువాత వచ్చింది మడతల కాగితపు ఎలిమెంట్. రెసిన్ పట్టించిన కాగితాన్ని మడతలుగా పేర్చితే చిన్న డబ్బాలో ఎక్కువ వైశాల్యం ఇముడుతుంది. ఇది 99.5 శాతం నుంచి 99.9 శాతం వరకు, ఇంకా ఎక్కువగా కూడా, దుమ్మును ఆపగలదు. టర్బో ఇంజన్ల వాడకం, కాలుష్య నియమాలు దీన్ని తప్పనిసరి చేశాయి. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్ల స్థాయిలో తిరుగుతుంది. దుమ్ము రేణువులు దాని రెక్కల అంచులను తినేస్తాయి. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బి.ఎస్.–4, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.–6 ప్రమాణాలు అమలయ్యాక ఇంజన్లు మరింత సున్నితమయ్యాయి.

ఈ మార్పుతో కడిగి వాడుకొనే వస్తువు పోయి, కొని పారేసే వస్తువు వచ్చింది. బయటి కంపెనీల మార్కెట్ ఇక్కడే పుట్టింది. దుకాణంలో యజమాని ముందు ఇప్పుడు "కంపెనీది", "బయటిది", "డూప్లికేట్" అనే మూడు రకాలు ఉంటాయి. బయటిదంతా డూప్లికేట్ కాదు. తన సొంత పేరుతో, కొలతలకు సరిపోయేలా తయారుచేసి అమ్మేది బయటి కంపెనీ. ఇంకొకరి పేరు అచ్చువేసి అమ్మేది డూప్లికేట్. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

7.5 ఎంపిక: ఆగిన దుమ్ము కాదు, దాటిన దుమ్ము

ఒక లెక్క చూద్దాం. ఆరు లీటర్ల, టర్బో లేని ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. కాబట్టి నిమిషానికి సుమారు 6,000 లీటర్లు, గంటకు 360 ఘనపు మీటర్ల గాలి లోపలికి పోతుంది. ఘనపు మీటరు గాలిలో 10 మిల్లీగ్రాముల దుమ్ము ఉన్నదనుకుంటే, ఎనిమిది గంటల్లో ఫిల్టర్‌కు చేరే దుమ్ము 28.8 గ్రాములు.

99.9 శాతం ఆపే ఫిల్టర్‌ను దాటేది సుమారు 29 మిల్లీగ్రాములు. 99 శాతం ఆపే దాన్ని దాటేది 288 మిల్లీగ్రాములు. పెట్టె మీది అంకెల్లో తేడా ఒక శాతం కూడా లేదు. ఇంజన్‌లోకి పోయే దుమ్ములో మాత్రం తేడా పది రెట్లు. ధర చూసి ఎంచుకొనేవారు మోసపోయేది ఇక్కడే.

ఫిల్టర్ల పరీక్షకు ఐ.ఎస్.ఓ. 5011 అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది. దుమ్మును ఎంత ఆపుతుంది, గాలికి ఎంత అడ్డు పడుతుంది, నిండేలోగా ఎంత దుమ్ము పడుతుంది అన్న మూడు కొలతలు అందులో తేలుతాయి. అమ్మేవారిని అడగవలసినవి ఈ మూడే. నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టర్లు గాలిని తేలికగా వదులుతాయని, పికప్ పెరుగుతుందని చెప్పి అమ్ముతారు. సాధారణంగా గాలిని తేలికగా వదలడం కోసం దుమ్మును ఆపే గుణంలో కొంత వదులుకోవలసి వస్తుంది. పైగా నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారుకు అంటుకోవచ్చు. క్వారీ బండికి ఇది తగిన బేరం కాదు.

7.6 బిగించడం: డబ్బా లోపలి దారులు

ఎంత మంచి ఫిల్టరైనా పక్క సందు నుంచి గాలి పోతే వృథా. కొత్తది బిగించే క్రమాన్ని గమనించండి.

మొదట పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి పొడవు, బయటి వ్యాసం, లోపలి వ్యాసం సరిచూడాలి. రబ్బరు అంచు మెత్తగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. ఎలిమెంట్ లోపల బల్బు వెలిగించి చీకట్లో చూస్తే చిల్లులు బయటపడతాయి. తరువాత డబ్బా లోపలి భాగాన్ని తడిగుడ్డతో తుడవాలి. గాలి కొడితే దుమ్ము ఇంజన్ వైపు పైపులోకి పోతుంది. లోపల రెండో చిన్న ఎలిమెంట్ ఉంటే దాన్ని శుభ్రం చేయకూడదు, గడువుకు మార్చాలి. అడుగున దుమ్ము రాలే రబ్బరు వాల్వు చినిగి ఉంటే మార్చాలి. చివరగా, డబ్బా నుంచి టర్బోకు పోయే రబ్బరు హోస్‌ను, దాని క్లిప్పులను చేత్తో తడిమి చూడాలి. ఫిల్టర్ దాటిన తరువాత ఉన్న ఏ పగులైనా వడపోత లేని దుమ్ముకు నేరుగా దారి. కొన్ని రోజుల తరువాత మళ్ళీ విప్పి, శుభ్రమైన వైపు పైపులో వేలు పెట్టి చూడాలి. దుమ్ము గీత కనిపిస్తే ఎక్కడో సందు ఉన్నట్టే.

ఇంకొక అలవాటును కూడా పరిశీలించాలి. పంక్చర్ షాపు దగ్గర ఆపి ఎలిమెంట్‌కు గాలి కొట్టించడం మామూలు. లారీ టైరుకు కావలసింది 100 పి.ఎస్.ఐ.కి పైగా. కాగితం తట్టుకొనేది 30 పి.ఎస్.ఐ. వరకే, అదీ లోపలి నుంచి బయటికి కొడితేనే. పైగా కొత్త కాగితం కంటే కొద్దిగా దుమ్ము పట్టిన కాగితమే సన్నని రేణువులను బాగా ఆపుతుంది. ఫిల్టర్‌ను తరచు విప్పడం శ్రద్ధగా కనిపించినా నష్టమే చేస్తుంది. మార్చవలసిన సమయాన్ని కంటితో కాక, గాలి అడ్డును కొలిచే సూచిక చెప్పాలి. చాలా టర్బో ఇంజన్లకు ఆ హద్దు 25 అంగుళాల నీటిమట్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
99 శాతం, 99.9 శాతం పనితనం గల రెండు ఫిల్టర్లలో తేడా పది రెట్లు అనడానికి కారణమేమిటి?

7.7 నష్టం ఎవరిది?

ఫిల్టర్ ఆపిన దుమ్ము ఎక్కడికి పోతుంది? దులిపేవారి ముఖం మీదికి. పులివెందుల సమీపంలోని బ్రాహ్మణపల్లె ప్రాంతంలో వేంపల్లె డోలమైట్ శిలల నుంచి రాతినారను తవ్వేవారు. రాతినార పీచు ఊపిరితిత్తులకు చేరితే క్యాన్సర్‌కు దారితీస్తుందని అంతర్జాతీయ వైద్య సంస్థలు నిర్ధారించాయి. స్ఫటికపు సన్నని దుమ్ము సిలికోసిస్‌కు కారణం. ఇంజన్‌కు కాగితం అడ్డు పెట్టిన మనం, దాన్ని దులిపే మనిషికి మాస్కు ఇచ్చామా అన్నది చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న.

యజమాని వైపు నుంచి కూడా చూడండి. అప్పు మీద కొన్న ఒక్క లారీయే జీవనాధారమైన వారికి, ఫిల్టర్‌లో మిగిలిన కొద్ది వందల రూపాయలు ఇంజన్ బోరు పనితో పోతాయి. ఆ పని జరిగినన్ని రోజులూ బండి షెడ్డులో ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. నూనె తొట్టి కాలంలో నష్టాన్ని శ్రమ కాచింది. కాగితం కాలంలో ఆ పని సమాచారం చేయాలి. ఆ సమాచారం పెట్టె మీద అర్థమయ్యే భాషలో లేనప్పుడు, తెలియనివారే నష్టపోతారు.

7.8 సారాంశం

కడప ప్రాంతపు శిలలు, రైలు మార్గం ఎంచుకున్న దారి, సిమెంటు పరిశ్రమ విస్తరణ కలిసి ఈ ప్రాంతంలో లారీ రవాణాను పెంచాయి. ఆయిల్ బాత్ క్లీనర్ స్థానంలో కాగితపు ఎలిమెంట్ రావడంతో ఇంజన్ రక్షణ శ్రమ నుంచి కొనుగోలుకు మారింది. ఎంపికలో చూడవలసింది ఫిల్టర్‌ను దాటే దుమ్ము. బిగింపులో చూడవలసింది సందులు. వీటితోపాటు దులిపే మనిషి ఆరోగ్యాన్ని కూడా లెక్కలో చేర్చాలి.

7.9 ముఖ్య పదాలు

ఎలిమెంట్: ఫిల్టర్ డబ్బాలో దుమ్మును ఆపే, మార్చుకోగల భాగం.
ఆయిల్ బాత్: నూనెలో దుమ్మును పట్టే పాత తరహా ఎయిర్ క్లీనర్.
గాలి అడ్డు: ఫిల్టర్ నిండేకొద్దీ ఇంజన్ గాలి పీల్చుకోవడానికి ఎదురయ్యే నిరోధం.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. కడప జిల్లాలో లారీ రవాణా పెరుగుదలకు దారితీసిన భౌగోళిక, ఆర్థిక కారణాలను వివరించండి.
2. ఎయిర్ ఫిల్టర్‌లో వచ్చిన మార్పులు శ్రమ, ఖర్చుల పంపకాన్ని ఎలా మార్చాయో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. బయటి కంపెనీ విడిభాగానికి, డూప్లికేట్‌కు తేడా ఏమిటి?
2. మీ ఊరిలోని ఒక లారీ షెడ్డుకు వెళ్ళి, పాత మెకానిక్‌ను అడిగి, ఆయిల్ బాత్ క్లీనర్ల కాలం గురించి ఒక మౌఖిక చరిత్ర నివేదిక తయారుచేయండి.