జెస్సీ జేమ్సు గాథ: చరిత్రయు జనశ్రుతియు

పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా పశ్చిమ సీమలలో సంచరించిన బందిపోటులలో మిక్కిలి పేరొందినవాడు మిస్సోరీ రాష్ట్రీయుడైన జెస్సీ జేమ్సు (1847–1882). ధనికులను దోచి పేదలకు పంచిన ధర్మచోరుడుగా పాటలును చలనచిత్రములును అతనిని కీర్తించినవి. ఇట్టి గాథలు జనుల నోట తమంత తామే పుట్టునని పలువురి తలంపు. జెస్సీ విషయమున అట్లు జరుగలేదని మా అభిప్రాయము. అతని గాథకు తొలిరూపము నిచ్చినవాడు ఒక పత్రికా సంపాదకుడు.

జెస్సీ జన్మించినది బానిసలను కలిగియుండిన కుటుంబమున. అంతర్యుద్ధ కాలమున, 1864లో, అతడు దక్షిణ పక్షపు గెరిల్లా దళములలో చేరెను. 1865లో యుద్ధము ముగిసెను గాని అతని పగ చల్లారలేదు. 1869 డిసెంబరులో గాలటిన్ పట్టణపు బ్యాంకున జాన్ షీట్సు అను క్యాషియరు హతుడయ్యెను. గెరిల్లా నాయకుడగు ఆండర్సనును హతమార్చిన సేనాధికారి ఇతడేయని పొరబడి కాల్చిరి. జెస్సీ పేరు పత్రికలకెక్కినది ఈ హత్యతోనే.

1872 సెప్టెంబరులో ముగ్గురు దుండగులు కాన్సాస్ సిటీ ప్రదర్శన ద్వారమున టిక్కెట్ల సొమ్మును అపహరించిరి. ఆ కాల్పులలో ఒక బాలిక గాయపడెను. అయినను కాన్సాస్ సిటీ టైమ్సు సంపాదకుడు జాన్ న్యూమన్ ఎడ్వర్డ్సు వారి సాహసమును మెచ్చి, ఆర్థరు రాజు కొలువులోని వీరులతో వారిని పోల్చెను. ఎడ్వర్డ్సు దక్షిణ సైన్యమున పనిచేసినవాడు. ఓడిన పక్షమునకు గౌరవమును అధికారమును మరల చేకూర్చుట అతని ఆశయము. తాను నిర్దోషినని చాటుచు జెస్సీయు పత్రికలకు లేఖలంపెను.

జనుల సానుభూతి యంతయు కల్పితమనరాదు. 1875 జనవరిలో పింకర్టన్ సంస్థవారు జెస్సీ తల్లి యింటిపై దాడిచేయగా అతని సవతి తమ్ముడు బాలుడొకడు మరణించెను. తల్లి చేయి కోల్పోయెను. 1882 ఏప్రిల్ 3న, బహుమానమున కాశించిన అనుచరుడు రాబర్ట్ ఫోర్డు జెస్సీని వెనుకనుండి కాల్చి చంపెను. ఈ ద్రోహము గాథకు కావలసిన ముగింపును సమకూర్చెను.

అచిరకాలముననే వెలువడిన గేయమున యుద్ధపు పగలు మాయమై, పేదలకిచ్చిన దానము వచ్చి చేరెను. ఆ దానమునకు చారిత్రకాధారము కానరాదు. జెస్సీ సంతానము ముగ్గురని గేయము చెప్పును. అతని వెనుక మిగిలినవారు ఇద్దరే. 1939లో హెన్రీ కింగు దర్శకత్వమున వెలువడిన చలనచిత్రము రైలు కంపెనీల దౌర్జన్యమునే అతని నేరములకు కారణముగ చూపెను. ఆర్థికమాంద్యమున నలిగిన ప్రేక్షకులకు ఆ కారణము రుచించుట సహజము.

ఇట్లు ప్రతి తరమును తన ఆక్రోశమును జెస్సీయందు నిలుపుకొనెను. అందుచే గాథ అసత్యమని త్రోసివేయుట తగదు. అది పాడినవారి కాలమునకు సాక్ష్యము, పాడబడినవాని జీవితమునకు కాదు. 1876లో నార్త్‌ఫీల్డు బ్యాంకున ఇనుపపెట్టె తెరువ నిరాకరించి ప్రాణములొడ్డిన జోసెఫ్ హేవుడ్ సామాన్యోద్యోగి. బ్యాంకు నిల్వలకు కేంద్ర ప్రభుత్వ బీమా 1933 శాసనముతో గాని రాలేదు. అంతకుముందు బ్యాంకు దోపిడీ సామాన్య ఖాతాదారుల సొమ్మునకును ముప్పే. పేదల పక్షపాతిగ కీర్తింపబడినవాని పాటలో వీరి ఊసు లేదు. వీరగాథలను పరిశోధించువారు పాటలో ఉన్నవారితోపాటు లేనివారినిగూడ వెదుకవలెనని మేము భావించుచున్నాము.