చికిత్స, మందు, అస్త్రం: సహజ సస్యరక్షణ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మొక్కలను ఆశించే పురుగులను ప్రకృతిసిద్ధమైన పదార్థాలతో అదుపు చేసే పద్ధతులకు మన దేశంలో సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రను సంస్కృత వృక్షాయుర్వేద గ్రంథాలు, గ్రామీణ ఆచారాలు, ఆధునిక పరిశోధనలు, తెలుగు నేలపై సాగిన సేద్య ప్రయత్నాలు అనే నాలుగు ఆధారాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పద్ధతులతో పాటు వాటిని వ్యవహరించిన పదాలు ఎలా మారాయో వివరిస్తుంది.

కీలక పదాలు: వృక్షాయుర్వేదం, సురపాలుడు, వేప, కషాయం, సస్యరక్షణ, పురుగుమందు.

1. ఉపోద్ఘాతం:
పైరుపై పురుగుమందు పిచికారీ చేయడాన్ని తెలుగు రైతులు ‘మందు కొట్టడం’ అంటారు. ప్రాణం నిలిపే ఔషధానికీ ప్రాణం తీసే విషానికీ తెలుగు వాడుకలో ‘మందు’ అనే మాటే చెల్లుబాటు అవుతున్నది. ఇది కేవలం భాషా విశేషం కాదు. మొక్కను రోగిగా చూసిన దృష్టి, పురుగును శత్రువుగా చూసిన దృష్టి ఈ ఒక్క పదంలో కలిసిపోయాయి. ఈ రెండు దృష్టుల మధ్య జరిగిన ప్రయాణమే సహజ సస్యరక్షణ చరిత్ర.

2. వృక్షాయుర్వేదంలో చికిత్స:
క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయం కేటాయించాడు. చలి, గాలి, ఎండల వల్ల చెట్లకు రోగాలు వస్తాయని, ఆకులు పాలిపోవడం, చిగుళ్లు ఎదగకపోవడం, కొమ్మలు ఎండిపోవడం, రసం కారడం వాటి లక్షణాలని చెప్పాడు. చెడిన భాగాన్ని ముందుగా కత్తితో తొలగించి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన లేపనం పూసి, పాలు కలిపిన నీటితో తడపాలన్నది ఆయన సూచించిన చికిత్స.

సుమారు క్రీ.శ. 1000 ప్రాంతానికి చెందినదిగా భావించే సురపాలుని ‘వృక్షాయుర్వేదం’ ఈ ఆలోచనను విస్తరించింది. మనుషులకు లాగానే చెట్లకూ వాత, పిత్త, కఫ దోషాలను అన్వయించింది. దోషాల వల్ల లోపలి నుంచి పుట్టే రోగాలను, పురుగులు, మంచు వంటి బయటి కారణాల వల్ల కలిగే బాధలను వేరు చేసి చూపింది. ఇందులో వర్ణితమైన కుణపజలం నేడు తరచుగా పురుగుల నివారణకు ముడిపడి ప్రచారంలోకి వస్తున్నా, మాంసాదులను మురగబెట్టి తయారుచేసే ఆ ద్రవం ప్రధానంగా మొక్కకు పోషకమే. పోషణను, చికిత్సను వేరువేరుగా గుర్తించడం ఈ గ్రంథాన్ని చదివేటప్పుడు అవసరం.

ఈ శాస్త్రం ఎవరిది అన్న ప్రశ్న కూడా ముఖ్యమైనదే. నెయ్యి, పాలు, తేనె వంటి ద్రవ్యాలు పొలమంతటికీ వాడదగినవి కావు. 14వ శతాబ్ది నాటి శార్ఙ్గధరుని రచన పేరే ‘ఉపవనవినోదం’. దీన్నిబట్టి ఈ గ్రంథాలు సామాన్య సేద్యగాని పొలం కంటే సంపన్నుల ఉద్యానవనాలనే ఎక్కువగా దృష్టిలో ఉంచుకున్నాయని భావించవచ్చు.

సురపాలుని గ్రంథం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో చాలాకాలం మరుగున ఉండి, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో 1996లో వెలుగుచూసింది. దానిని ప్రచురించిన సంస్థ ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ సికింద్రాబాదుకు చెందినది కావడం గమనార్హం. అందువల్ల మన గ్రామీణ పద్ధతులన్నీ సురపాలుని నుంచే వచ్చాయనడం నిలవదు. అవి వేరే దారిలో బతికాయి.

3. గ్రామీణ ఆచారాలు:
ఆ దారి చేతివాటంది, నోటిమాటది. గాదెల్లో ధాన్యం మధ్య ఎండిన వేపాకు వేయడం, కందులకు ఎర్రమట్టి పట్టించి నిల్వచేయడం, పెరటి చిక్కుడు తీగపై పేనుబంక కనబడితే పొయ్యి బూడిద చల్లడం, వేపపిండిని పొలంలో వేయడం తెలుగు పల్లెలకు పరిచితమైన పనులు. వీటిలో ఏ ఒక్కటీ కొనుక్కోవలసినది కాదు. విత్తనాల నిల్వ, పెరటి సాగు ఎక్కువగా స్త్రీల చేతుల్లో ఉన్నందున ఈ జ్ఞానానికి వారే ప్రధాన వాహకులు. గ్రంథస్థం కాకపోవడమే ఈ జ్ఞానానికి ఉన్న పెద్ద బలహీనత.

4. వేప - పరిశోధన, పేటెంటు:
1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనాన్నంతా తినివేసినా వేపచెట్లు మిగలడాన్ని జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ ష్ముటరర్ గమనించాడు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్ బృందం వేపగింజల ద్రావణం చల్లిన ఆకులను మిడతలు ముట్టవని నిరూపించింది. 1968లో వేపగింజల నుంచి అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. ఇది పురుగును అక్కడికక్కడే చంపదు. దాని ఆకలిని హరిస్తుంది, కుబుసం విడిచే ప్రక్రియను భంగపరుస్తుంది. ఎండకు త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక సాయంత్రం చల్లాలన్న సూచన ఏర్పడింది.

1994లో ఐరోపా పేటెంటు కార్యాలయం వేపనూనెతో శిలీంధ్రాలను నివారించే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ సంస్థకు పేటెంటు ఇచ్చింది. వందనా శివ తదితరుల అభ్యంతరాలపై 2000లో అది రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. తరతరాల వాడుకను కూడా ఆధారాలతో నిరూపించుకోవలసిన పరిస్థితి వస్తుందని ఈ వివాదం తెలియజేసింది.

5. విషం నుంచి కషాయానికి:
స్వాతంత్ర్యానంతరం డి.డి.టి., బి.హెచ్.సి., ఎండ్రిన్ వంటి రసాయనాలు పొలాల్లోకి వచ్చాయి. వాటిలో ఎండ్రిన్ అనే పేరు తెలుగునాట ఆత్మహత్యకు పర్యాయపదంగా స్థిరపడింది. 1980ల చివర కోస్తా పత్తిలోను, 1997-98లో వరంగల్ పత్తిలోను పురుగు లొంగక, మందుల అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగును చంపలేని మందు మనిషిని చంపింది.

ఈ నేపథ్యంలోనే పురుగుమందులు లేని సస్యరక్షణ బలపడింది. నూనెగింజల పంటలను నాశనం చేసే ఎర్రగొంగళి పురుగుకు వేసవి దుక్కులు, తొలకరి తర్వాత రాత్రిపూట రెక్కల పురుగులను ఆకర్షించే మంటలు, జిల్లేడు, అడవి ఆముదం కొమ్మల ఎర వంటి ఉపాయాలు వాడారు. 2000 దశకం తొలి సంవత్సరాల్లో నాటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం పురుగుమందులను విడిచిపెట్టింది. తర్వాత మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా ఈ విధానం ఇతర జిల్లాలకు వ్యాపించింది.

వీటిలో ప్రధానమైనది 5 శాతం వేపగింజల కషాయం. నీడలో ఎండిన 5 కిలోల గింజల పప్పును పొడిచేసి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీటిలో నానబెట్టి, పిండి వడకట్టి, సుమారు 100 గ్రాముల సబ్బు కలిపి 100 లీటర్లకు సరిచేస్తారు. పెరటి మొక్కలకైతే లీటరుకు 50 గ్రాముల లెక్కన సరిపోతుంది. తయారైన రోజే వాడాలి. ‘మందు’ స్థానంలో ‘కషాయం’ అనే ఆయుర్వేద పదం తిరిగి రావడం ఇక్కడ విశేషం.

6. అస్త్రాల పరిభాష:
సుభాష్ పాలేకర్ ప్రతిపాదించిన సహజ సేద్యంతో నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం అనే పేర్లు ప్రచారంలోకి వచ్చాయి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో సాగిన కార్యక్రమం వీటిని మరింత విస్తరింపజేసింది. పురాణ పరిచయం గల తెలుగు రైతుకు ఈ పేర్లు సులువుగా గుర్తుంటాయి. అయితే అస్త్రానికి శత్రువు ఉండాలి. సాలీడు, అక్షింతల పురుగు వంటి మిత్రులు ఈ పరిభాషలో కనిపించవు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకుతో పాటు పొగాకు చేరే అగ్నిఅస్త్రంలో నికోటిన్ ఉంటుంది. అది మేలుచేసే పురుగులకూ, జాగ్రత్త లేకుండా చల్లే మనిషికీ హానికరం. సహజమైనదంతా నిరపాయకరం కాదు.

7. ముగింపు:
వృక్షాయుర్వేదం మొక్కకు చికిత్స చేసింది. రసాయన యుగం పురుగుకు మందు పెట్టింది. నేటి సహజ సేద్యం అస్త్రం పట్టింది. పదార్థాలు మళ్లీ పెరటికి చేరినా, పరిభాష ఇంకా యుద్ధభూమిలోనే ఉంది. ప్రాచీన గ్రంథాలకు లేని గొప్పతనాన్ని ఆపాదించడం కంటే, పెరటి స్త్రీలు, సేద్యగాళ్లు నిలిపిన వాడుకలను ప్రాంతాలవారీగా, కొలతలతో సహా నమోదు చేయడం తక్షణ కర్తవ్యం. వేప పేటెంటు వివాదం నేర్పిన పాఠమూ అదే. ఆ పనిలో వ్యవసాయ శాస్త్రంతో పాటు పదాలను సేకరించి, వాటి అర్థఛాయలను విడమరచగల తెలుగు పరిశోధనకూ బాధ్యత ఉంది.