తేమ నేర్పిన పాఠం

ముసురు పడితే అప్పడాలు ఆరవు, కారం గడ్డ కడుతుంది. "మన చేతిలో ఏముందిలే" అనుకుంటాం. ఒకప్పుడు పెద్ద ఫ్యాక్టరీలకూ ఇవే తిప్పలు.

1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సు రంగుల బొమ్మలు అచ్చేసేది. ఒక రంగు తర్వాత మరో రంగు వేయాలి. ఈలోగా గాలిలో తేమ పెరిగితే కాగితం సాగేది, తగ్గితే ముడుచుకునేది. రంగు మీద రంగు కుదరక కాగితాలు పాడయ్యేవి. పాతికేళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్, చల్లటి నీటి గొట్టాల మీదుగా గాలిని పంపి తేమను 55 శాతం దగ్గర నిలిపే ఏర్పాటు చేశాడు. నేటి ఏసీకి అదే నాంది. అది పుట్టింది మనుషుల సుఖానికి కాదు, కాగితం కోసం!

మన చేనేతవాళ్లకూ ఈ సంగతి అనుభవమే. గుంట మగ్గంలో నేల చెమ్మకు పోగు తెగదు. అదే వానలు పడితే గంజి పెట్టిన పడుగు ఆరక పని ఆగుతుంది, కూలి పోతుంది.

కాబట్టి సరుకు పాడైతే తలరాతను తిట్టుకోవద్దు. మిరపకాయలు గలగలలాడేదాకా ఎండాకే మూట కట్టండి. చెమ్మ ఉంటే బూజు పడుతుంది. కొన్ని బూజుల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. మూటలు నేలమీద కాక చెక్కలమీద పెట్టండి. గదిలో తేమ మీటరు పెట్టి రోజూ రిజిస్టరులో రాయండి. పొదుపు లెక్కలు రాసే మనకు ఇదేమంత కష్టం?