గోడ తాగిన నీరు

కొత్తగా వేయించిన రంగు ఒక్క వానాకాలానికే పొక్కులు లేచి, పెచ్చులుగా రాలిపోవడం మీరు చూసే ఉంటారు. అందరూ రంగునే తిడతారు. తప్పు నిజంగా రంగుదేనా? తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ చరిత్రను అడిగి చూద్దాం.

మొగలుల కాలంలో సూరత్ గొప్ప రేవుపట్టణం. 1837 ఏప్రిల్‌లో చెలరేగిన మంటల్లో అక్కడ వేలాది ఇళ్ళు కాలిపోయాయి. అదే సంవత్సరం వరద కూడా వచ్చింది. 1883లో, 1968లో తపతి మళ్ళీ ఊరిమీద పడింది. 1972లో ఉకాయి ఆనకట్ట పూర్తయినా ముప్పు తప్పలేదు. 2006 ఆగస్టులో నగరంలో చాలా భాగం నీట మునిగింది. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన మన నేత కుటుంబాలెన్నో ఆ నగరంలోనే ఉన్నాయి.

వరద కొద్దిరోజుల్లో తీసింది. గోడలు తాగిన నీరు మాత్రం అంత త్వరగా పోదు. ఎందుకంటే ఇటుకలోనూ సున్నంలోనూ కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. వత్తిలో నూనె ఎక్కినట్లు వాటిలో నీరు పైకి ఎక్కుతుంది. మట్టిలోని, ఇటుకలోని లవణాలను వెంట తెస్తుంది. నీరు ఆవిరైనా లవణం మిగిలి స్ఫటికాలుగా పెరుగుతుంది. ఆ స్ఫటికాలే రంగును వెనకనుంచి నెడతాయి!

మన పూర్వులు గోడలకు సున్నం పూసేవారు. సున్నపురాయిని కాల్చి, నీళ్ళలో విరిచి పూస్తే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకొని తిరిగి రాయిగా మారుతుంది. అయినా దాని రంధ్రాలు మూసుకుపోవు. చెమ్మ బయటికి పోతుంది. 1824లో ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చింది. తరువాతి కాలంలో పాత సున్నపు గోడలమీద కూడా సిమెంటు, నూనెరంగులు పూయసాగారు. అంటే కుండకు మూత బిగించినట్లే. లోపలి చెమ్మకు దారి లేకుండా పోయింది.

మరి పాత గోడకు రంగు వేసే ముందు ఏం చేయాలి? మొదట చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపాలి. తరువాత గోడను ఆరనివ్వాలి. దీనికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. ఆరిందో లేదో మీరే పరీక్షించండి. గోడకు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా గాలి చొరకుండా అతికించి, రెండు రోజులాగి తీయండి. లోపలివైపు తడి కనిపిస్తే ఇంకా ఆగాలన్నమాట. తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. కడిగితే అది కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. వేళ్ళ కణుపులతో తట్టినప్పుడు డొల్లగా మోగే చోట పాత పూతను తీసివేసి, సున్నపు గోడకు సున్నంతోనే అతుకు వేయాలి. లప్పం, రంగు ఆ తరువాతి పనులు.

ఒక హెచ్చరిక! పాత నూనెరంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళరంగుల్లో సీసం పదిలక్షల్లో 90 పాళ్ళు మించరాదన్న నియమం 2017 నవంబరులోగాని అమలుకు రాలేదు. అలాంటి రంగును పొడిగా గీకితే లేచే దుమ్ము పిల్లల మెదడుకు హాని చేస్తుంది. తడిపి గీకాలి. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్ళను ముంచింది. సూరత్ గోడలు నేర్పిన పాఠం మనకూ వర్తిస్తుంది. వరద తీసిన ఇంటికి మొదట కావలసింది రంగు కాదు, గాలి, ఓపిక!