ఎవరి చోటు ఎక్కడ: విట్బీ సెయింట్ మేరీ చర్చి కొయ్యపని

మా గూడెంలో చర్చి అంటే రేకుల కప్పు, నాపరాళ్ల నేల. బెంచీల్లేవు. చాపలు పరుచుకొని కూచునేది. ముందొచ్చినోళ్లు ముందు, ఆలస్యంగా వచ్చినోళ్లు గుమ్మం దగ్గర. అందుకనే ఇంగ్లండు పారిష్ చర్చిల గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు మమ్మల్ని ఆపింది రాతి తోరణాలు కాదు, రంగుటద్దాల కిటికీలు కాదు, కూచునే ఏర్పాటు. తోరణం ఏ శతాబ్దిదో తేల్చడానికి చరిత్రకారులు పేజీలు ఖర్చుపెడతారు. దాని కింద ఎవరు కూచున్నారనేది ఒక వాక్యంలో ముగిస్తారు. మేము ఆ వాక్యం దగ్గరే కాసేపు నిలబడదలిచాం.

మేము తీసుకున్న చర్చి ఇంగ్లండు ఈశాన్య తీరంలో, యార్క్‌షైర్‌లోని విట్బీలో ఉంది. అది ఓడలు కట్టిన ఊరు. కెప్టెన్ కుక్ ఎక్కిన ఎండీవర్ 1764లో ఇక్కడే తయారైంది. కొండ మీద పాత మఠం, దాని పక్కన సుమారు 1110లో మొదలైన సెయింట్ మేరీ చర్చి. మఠం సన్యాసులది, చర్చి ఊరి జనానిది. ఊళ్లోంచి పైకి 199 మెట్లు. 1774లో కొయ్యమెట్లు తీసేసి రాతిమెట్లు వేశారు. మధ్యమధ్య వెడల్పు చప్టాలు, బెంచీలు ఉన్నాయి, శవపేటిక మోసేవాళ్లు దాన్ని దించి ఊపిరి పీల్చుకోడానికి. మోసేవాడి భుజాన్ని తలచుకొని కట్టిన కట్టడాలు తక్కువ కాబట్టి ఈ సంగతి రాస్తున్నాం.

లోపలికి పోతే నార్మన్ కాలపు రాయి కనపడీ కనపడనట్టుంటుంది. 17వ శతాబ్ది చివరి నుంచి 19వ శతాబ్ది మొదటి దాకా చేసిన కొయ్యపనే చర్చినిండా ఆక్రమించింది. నేలంతా బాక్స్ ప్యూలు. అంటే నాలుగువైపులా ఎత్తయిన పలకలు కొట్టి, తలుపు పెట్టిన గడులు. కుటుంబం లోపలికి పోయి తలుపేసుకుంటుంది. సముద్రపు చలిగాలికి అడ్డం అంటారు. నిజమే, ఆ కొండ మీద గాలి మామూలుది కాదు. కానీ చలి అందరికీ ఒకటే, గడులు మాత్రం ఒకటి కావు. కొన్నిటికి లోపల ఆకుపచ్చ ఉన్నిగుడ్డ అతికించి ఉంటుంది. ఇంగ్లండంతటా ఇలాంటి గడులు అద్దెకు పోయేవి, కొన్ని ఇంటి హక్కుగా ఇంటితోపాటు చేతులు మారేవి. చేతిలో డబ్బులేనోళ్లకు మిగిలినవి వెనక బెంచీలు, గ్యాలరీ మూలలు. విట్బీలో కొన్ని గడుల మీద 'పరాయివాళ్లకు మాత్రమే' అని రాసి ఉంది. ఊరికి కొత్తగా వచ్చినవాడికి చోటు చూపడం మర్యాదే. మిగతావేవీ నీవి కావని చెప్పేదీ ఆ రాతే.

అన్నిటికన్నా వింత చోమ్‌లీ కుటుంబపు ప్యూ. చర్చికి తూర్పున, బలిపీఠం ఉండే భాగాన్ని చాన్సెల్ అంటారు. జనం కూచునే నేవ్ నుంచి చాన్సెల్‌లోకి పోయే తోరణానికి అడ్డంగా, మెలితిరిగిన కొయ్య స్తంభాల మీద, 17వ శతాబ్ది చివరిలో ఒక వేదికలాగా ఈ ప్యూ లేపారు. ప్రొటెస్టెంట్ సంస్కరణకు ముందు ఇంగ్లండు చర్చిల్లో ఆ చోట సాధారణంగా సిలువ మీది క్రీస్తు బొమ్మ ఉండేది. ఆ బొమ్మలు పోయాయి. విట్బీలో ఆ ఎత్తున భూస్వామి కుటుంబం కూచుంది, బలిపీఠం వైపు వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టి.

ఎవరీ చోమ్‌లీలు? 1539లో రాజు మఠాన్ని రద్దు చేశాక ఆ భూములు సంపాదించినవాళ్లు. ఆపైన పటిక పరిశ్రమలో దిగారు. ఆ రోజుల్లో పటిక లేకుండా చాలా రంగులు గుడ్డకు నిలిచేవి కావు. తోలు శుద్ధి చేయడానికీ వాడతారు. (తోలుపని చేసిన మావాళ్లకు పటిక సంగతి చెప్పక్కరలేదు.) ఈ తీరంలో కొండరాయిని తవ్వి, కుప్పలు పోసి నెలల తరబడి కాల్చి, నానబెట్టి, ఆ నీళ్లలో కెల్ప్ అనే సముద్రపు నాచు బూడిదో, పులిసిన మనిషి మూత్రమో కలిపేవాళ్లు. మూత్రం పీపాల్లో ఓడలమీద లండన్ నుంచి కూడా వచ్చేది. ఆ పీపాలు దించినోళ్లు, ఆ కుప్పలు కాల్చినోళ్లు ఆదివారం ఎక్కడ కూచున్నారో ఏ గడి మీదా రాసిలేదు. చోమ్‌లీల చోటు మాత్రం గుమ్మంలోంచే కనపడుతుంది.

1778 నాటి మూడంతస్తుల పుల్పిట్ కూడా అంతే. కింద క్లర్కు, నడుమ ప్రార్థనలు చదివే చోటు, అన్నిటికన్నా పైన ప్రసంగం. గడులన్నీ దాని చుట్టూనే. 19వ శతాబ్దిలో ఒక రెక్టారు చెవిటి భార్య కోసం పుల్పిట్‌కు వినికిడి గొట్టాలు బిగించారు. చెవిటితనం ఆ ఒక్కామెదే అయి ఉండదు.

అదే శతాబ్దిలో ఈ గడుల మీద దాడి మొదలైంది. 1818లో చర్చిల నిర్మాణానికి పార్లమెంటు పదిలక్షల పౌండ్లు ఇచ్చింది, అందులో పేదలకు ఉచిత సీట్లు ఉండాలంది. 1839లో పుట్టిన కేంబ్రిడ్జ్ క్యామ్డెన్ సొసైటీ బాక్స్ ప్యూలను పీకేయాలని గట్టిగా పోరాడింది. వాళ్లకు పేదలమీద ప్రేమ ఎంతో, మధ్యయుగపు అందం మీద మోజు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. మోజే ఎక్కువని మా అనుమానం. ఏమైతేనేం, వేల చర్చిల్లో గడులు పోయి తలుపుల్లేని బెంచీలు వచ్చాయి. విట్బీలో పోలేదు. ఇప్పుడు వాటిని వారసత్వ సంపదగా చూసి మురుస్తున్నారు.

బాక్స్ ప్యూ అంటరానితనం కాదు. డబ్బుంటే దొరికేది, డబ్బు పోతే చెయ్యిజారేది. కులం అట్లా కాదు. అయితే నియమాన్ని నోటితో చెప్పకుండా కట్టడంతో చెప్పించే పద్ధతి మన దేశంలోని చర్చిలూ ఎరుగుదురు. తిరునల్వేలి ప్రాంతపు వడక్కన్‌కుళంలో 1872లో కట్టిన కాథలిక్ చర్చికి ఒక నేవ్ కాదు, రెండు. ప్యాంటు కాళ్లలాగా విడిపోయి బలిపీఠం దగ్గర కలుస్తాయి. పిళ్లైలు ఒక కాలులో, నాడార్లూ తక్కిన కులాలూ రెండో కాలులో. అందరికీ గురువు కనపడేవాడు, ఒకరికొకరు కనపడేవాళ్లు కాదు. 1910లో బిషప్ బార్తె అడ్డుగోడ కొట్టించాడు. పిళ్లైలు గోడ మళ్లీ కట్టాలని దావా వేశారు. మద్రాసు హైకోర్టు దాకా పోయి ఓడిపోయారు.